ఒంటి బూటు

పక్కింటి మేడ కిటికీలోంచి ఒక తెల్ల బూటు ఎగిరొచ్చి, సరిగ్గా సైట్ ఇంజినీరు కాళ్ల ముందు పడింది.

"సార్, కుంభకర్ణుడి చెల్లెలు లేచింది!" మేస్త్రీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంజినీరుకి నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

ముందు షాపింగ్ కాంప్లెక్సు, వెనక కమ్యూనిటీ హాలు. రెండూ ఒకేసారి లేపుతానని కంపెనీ ఓనరు అందరికీ మాటిచ్చేశాడు. మాట ఆయనది, చాకిరీ ఇతనిది! పైగా గుండె ఆపరేషనయిన అమ్మ ఆసుపత్రిలో ఉంది. పగలంతా సైట్లో చావాలి, సాయంత్రం కాసేపు అమ్మ దగ్గర కూర్చోవాలి. రాత్రికి అక్కడ ఎవర్నీ ఉండనివ్వరు. అమ్మకి ఎలా ఉందోనని తెల్లార్లూ దొర్లడమే. వీటన్నిటి మధ్య ఈ మహాతల్లి ఒకతి!

"ఏమయ్యా, ఆ రాడ్లు కోసే మిషన్ ఆపుతావా, లేదా?"

కిటికీలో చింపిరి జుట్టు. చింతనిప్పుల్లాంటి కళ్లు.

"పొద్దెక్కాక ఈ నిద్రేంటమ్మా? మీరు పడుకోవాలని మేం పని మానుకోవాలా?"

"నాకు రాత్రిళ్లు..."

"ఆ, రాత్రిళ్లు సినిమాలు చూడ్డం, పగలు మా మీద పడ్డం!"

కిటికీ ధడాలున మూసుకుంది.

మేస్త్రీ మెల్లిగా దగ్గరికొచ్చాడు. "ఒక పూట పనే కద్సార్. మిషన్ని హాలు వెనక్కి మార్చేద్దామా? పాపం, ఆడమనిషి..."

"పాపమా? బూట్లతో కొడితే పాపమా? మిషన్ని తీసుకొచ్చి ఆ కిటికీ కిందే పెట్టు. ఎలా పడుకుంటుందో నేనూ చూస్తా!"

పెట్టారు.

ఆ బూటుని కూడా వదల్లేదతను. మిషన్ పక్కన పిల్లరు రాడ్డుకి జెండాలా తగిలించాడు. సైటంతా ఒకటే నవ్వు.

మర్నాడు ఆమె కిందికే దిగింది.

"బూటన్నా ఇవ్వండి."

"సారీ చెప్పండి, ఇస్తా."

"మిషన్ జరపండి, చెప్తా."

"అయితే అదీ లేదు, ఇదీ లేదు. వెళ్లండి!"

ఆమె ఏదో అంది. మిషన్ గోలలో ఎవరికీ వినపడలేదు. వినాలని ఎవరికీ లేదు కూడా.

నాలుగు రోజులు పోయాక, పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే అమ్మ చెయ్యి వాచిపోయి ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదురా. రాత్రి సెలైన్ అయిపోతే బెల్లు కొట్టాను. సిస్టరమ్మకి కాస్త కునుకు పట్టినట్టుంది, రావడం ఆలస్యమైంది."

"డ్యూటీలో నిద్రా?"

"నెమ్మదిరా! ఆ పిల్ల..."

ఆ పిల్ల సంగతేంటో వినడానికి అతను అక్కడుంటే కదా!

రాత్రి సిస్టరు అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయింది. హెడ్ నర్సు దొరికింది.

"గుండె జబ్బు మనిషిని మీ చేతుల్లో పెడితే గురకలు పెడతారా?"

"సార్, ఆమె చాలా మంచి..."

"మంచితనం నాకెందుకండీ? పగలంతా ఏం చేస్తుంది ఆవిడ? ఆ నిద్రేదో ఇంట్లో పోయి రావచ్చుగా! ఇంకొక్క రాత్రి ఆమె ఇక్కడ కనిపించిందో, పేపరు వాళ్లని పిలుస్తా. మీ ఆసుపత్రి పరువు గేటు దగ్గరే తీసేస్తా!"

సాయంత్రానికల్లా ఆమెని తీసేశారు.

ఏదో గెలిచినవాడిలా వచ్చి అమ్మకి చెప్పాడు.

అమ్మ మొహం తిప్పేసుకుంది.

"ఎంత పని చేశావురా! మొన్న నాకు ఊపిరాడక ఒళ్లు చల్లబడుతుంటే కనిపెట్టింది ఆ పిల్లే. లిఫ్టు రాలేదని డాక్టరు కోసం మెట్లన్నీ పరిగెత్తింది. కాళ్లకున్న రబ్బరు చెప్పులు జారుతుంటే అక్కడే విడిచేసి, ఒట్టి కాళ్లతో. ఆ రాత్రి ఆమె నిద్రపోయి ఉంటే, ఇవాళ నువ్వు ఎవరి కోసం అరిచేవాడివి?"

"నాకు ముందే చెప్పొచ్చుగా అమ్మా!"

"నువ్వు విని చచ్చావు కనక!"

ఆ రాత్రంతా అతను తన మీద తనే పళ్లు నూరుకున్నాడు. ముందు సైట్లో పని పురమాయించి, అట్నుంచటే ఆసుపత్రికి వెళ్లి, కాళ్లు పట్టుకునైనా ఆ సిస్టరుని వెనక్కి పిలిపించాలి.

తెల్లారి సైటుకొచ్చేసరికి పక్కింటి గేటు ముందు చిన్న ట్రాలీ ఉంది. చుట్టిన పరుపు, గ్యాస్ పొయ్యి, రెండు బకెట్లు.

మిషన్ గీ పెడుతోంది.

ఆమె నేరుగా అతని దగ్గరికొచ్చింది. జుట్టు నున్నగా దువ్వుకుంది. చేతిలో మడత పెట్టిన తెల్ల బట్టలు, వాటి మీద ఒక తెల్ల బూటు.

"ఆ రోజు అలా విసరాల్సింది కాదు. సారీ అండీ," అంది. "రెండోది ఇస్తారా? ఆసుపత్రికి యూనిఫాం తిరిగివ్వాలి. బూట్లు జతగా ఉండాలట."

"ఏ... ఆసుపత్రి?"

చెప్పింది.

"రాత్రి డ్యూటీలో ఒక్క క్షణం కన్నంటుకుంది. ఎవరో పెద్దావిడ కొడుకట, నా మొహమైనా చూడకుండా తీయించేశాడు. చేతులారా కాపాడుకున్నానండీ ఆ పెద్దావిడని!"

"మిషన్ ఆపండ్రా!" గొంతు చించుకుని అరిచాడు ఇంజినీరు. "ఆపమంటున్నానా!"

సైటంతా చప్పున నిశ్శబ్దమైపోయింది.

ఆమె రాడ్డుకున్న బూటు తీసుకుని, సిమెంటు దుమ్ము దులుపుకుంటూ అంది:

"ఇప్పుడెందుకు సార్ ఆపడం? నాకింక పగటి నిద్రతో పని లేదుగా."