పదిహేడో ఓటు

“తొమ్మిది ఓట్ల తేడా! తొమ్మిదంటే తొమ్మిది!”

హారో పేపరును బల్ల మీదికి విసిరికొట్టాడు. బల్ల మధ్యనున్న పూలకుండీ ఊగి, అందులోని నీళ్ళు గుడ్డ మీద ఒలికాయి.

“పువ్వు లేదు, పాడు లేదు, వట్టి నీళ్ళెందుకు పోసిపెట్టావు దీన్లో?” అని కుండీ మీద కూడా విసుక్కున్నాడు.

వీబ్కె టీ కుండ అందుకుంది. భర్త కప్పులో కలకండ ముక్క వేసి, పైన వేడి టీ పోసింది. ముక్క చిటచిటమంది. అంచు వెంట ఒక చుక్క మీగడ వదిలింది. ఎన్నికలొచ్చినా, వరదొచ్చినా జర్మనీలోని తూర్పు ఫ్రీజ్‌లాండ్‌లో టీ ఆగదు.

“పదిహేనేళ్ళు ఈ నియోజకవర్గాన్ని నెత్తిన మోశాను. ఆఖరికి ఆ హిన్రిక్ చేతిలోనా ఓడడం! ఆవుకీ ఎద్దుకీ తేడా తెలియని పట్నం వకీలు!”

“మంచివాడనేవాడివిగా మొన్నటిదాకా.”

“ఓడిపోతాడనుకున్నప్పుడు ఎవడైనా మంచివాడే.”

“జనానికి నీ మీద కోపం ఉందని ఎండాకాలంలోనే చెప్పాను.”

“నీకేం తెలుసు రాజకీయం? పార్టీ జాబితాలో ఆడవాళ్ళ పేర్లు తక్కువయ్యాయని ఓకో ఏడుస్తుంటే, ఖాళీ గడి నిండుతుందని నీ పేరు రాయించాను. అంతమాత్రాన నాయకురాలివైపోయావా?”

వీబ్కె రొట్టెకు వెన్న రాసుకుంది.

హారో జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఊళ్ళో ఫైర్ స్టేషన్‌లో పెట్టిన ఓట్ల పెట్టె తాలూకు లెక్కింపు అది. రాత్రి నుంచి నలిగీ నలిగీ గుడ్డపేలికలా అయింది.

“ఇటు చూడు. రెండో ఓటు, పార్టీకి వేసేది, మనకి రెండు వందల పన్నెండు. మొదటి ఓటు, మనిషికి వేసేది, నాకు నూట తొంభై అయిదు. పదిహేడు మంది పార్టీని ఉంచుకుని నన్ను గెంటేశారు! సొంత ఊళ్ళో!”

“పొరపాటు పడ్డారేమో.”

“పొరపాటు పడకూడదనే కదా నిన్ను పంపింది!”

అది నిజమే. మొదటి ఓటు బాగా ఇష్టమైన పార్టీకి, రెండోది కాస్త ఇష్టమైన పార్టీకి అనుకునేవాళ్ళు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. అందుకే మూడు వారాల కిందట, “మీ గురువారం టీ జట్టుకి ఓటెలా వేయాలో విడమరిచి చెప్పు. లేకపోతే అంతా తగలేస్తారు” అని హారోయే ఆమెను పురమాయించాడు.

“అసలేం చెప్పావు వాళ్ళకి?”

“ఉన్నదే చెప్పాను. ఓటు కాగితంలో నల్ల వరుస మనిషికి, నీలం వరుస పార్టీకి. సభలో పార్టీకి ఎన్ని కుర్చీలో తేల్చేది నీలం వరుసే. మనిషి ఓడినా పార్టీకి కుర్చీ తగ్గదు, జాబితాలో తరవాతివాళ్ళకి పోతుంది.”

“ఇంత పురాణం ఎవరడిగారు?”

“మా టీ జట్టులో గ్రేటా అడిగింది.”

“జాబితా అంటే దొడ్డిదారి! ‘నీ పేరు కూడా రాయనా, ఎందుకైనా మంచిది’ అన్నాడు ఓకో. నాకు వీధి గుమ్మం ఉందయ్యా అన్నాను. ఇప్పుడు నా కుర్చీలో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు కూర్చుంటాడు.” హారో కాగితాన్ని ఇంకోసారి నలిపాడు. “గ్రేటాకి నేనేం అపకారం చేశాను?”

వీబ్కె చేతిలో చాకు ఆగింది.

“ప్రసూతి వార్డు.”

“మళ్ళీ అదేనా!”

“మూయనివ్వనని ఈ బల్ల దగ్గరే మాటిచ్చావు. హానోవర్‌లో సభకెళ్ళి మూసెయ్యమని చెయ్యెత్తావు. గ్రేటా కూతురు నలభై కిలోమీటర్లు పోలేక, వానలో, గట్టు పక్కన ఆపిన అంబులెన్సులో కనింది. ఆ రాత్రి నేనూ అందులో ఉన్నాను హారో. మూడు వందల సంతకాలు తెచ్చి నీ చేతికిచ్చాం. ఏం చేశావు వాటిని?”

“చదివాను.”

“గరాజులో రంగు డబ్బా కింద పెట్టావు. కట్టిన దారం కూడా విప్పలేదు.”

హారో మాట మార్చాడు. పెన్సిలు అందుకుని, “మీ టీ జట్టులో ఎంతమంది?” అన్నాడు.

“నాతో కలిపి పదిహేడు.”

పెన్సిలు ఆగిపోయింది. “నిన్ను తీసేస్తే పదహారు. అదీ సంగతి! తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాలు! నా టీ తాగి, నా కేకు తిని…”

“కేకు నేను చేసింది.”

“ఎవరు చేస్తేనేం! ఒక్కొక్కరి సంగతీ తేలుస్తాను. పదహారు దొరికాయి. ఆ పదిహేడో ఓటు ఎవరిదో అదొక్కటీ చెప్పు.”

మాట రాబట్టాలని, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి తనే టీ కుండ ఎత్తి ఆమె కప్పు వైపు వంచాడు. వీబ్కె పళ్ళెంలోని చెంచా తీసి కప్పులో నిలబెట్టింది. ఆ ప్రాంతంలో చెంచాతో టీ కలపరు. ఇక చాలని చెప్పడానికే దాన్ని కప్పులో పెడతారు.

వీధి గంట మోగింది.

పార్టీ కార్యదర్శి ఓకో లోపలికి వచ్చాడు. చేతిలో ఎర్ర డేలియాల పెద్ద గుత్తి. హారో గబగబా చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. ఊరు మరిచినా పార్టీ మరవలేదన్నమాట! కళ్ళు చెమర్చాయి. లేచి రెండు చేతులూ చాచాడు.

“ఎందుకు ఓకో ఇవన్నీ… ఓడినవాడికి…”

ఓకో అతన్ని దాటుకుని బల్ల అవతలికి నడిచాడు.

“అభినందనలు, శాసనసభ్యురాలు గారూ!” అంటూ పూలు వీబ్కె చేతిలో పెట్టాడు.