మోపెడు ఎండుకట్టెలు

పడవ రేవుకి తగలగానే బుల్లియ్య ఆ పరాయివాణ్ణి జుట్టు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చాడు.

పడవలో పెద్దిరాజు శవం ఉంది. పెద్దిరాజు బుల్లియ్యకి సొంత అన్న.

నిన్న రాత్రి వరదలో కనబడకుండా పోయిన మనిషి మధ్యాహ్నానికి ఇలా తిరిగొచ్చాడు. తెచ్చినవాడు అవతలి ఒడ్డువాడు. కొట్టడానికి ఇంకేం కావాలి?

పెద్దిరాజంటే ఊరికి ప్రాణం. ఎవరి చేలో గట్టు తెగినా, పిడి చివర ఇత్తడి పొన్ను వేసిన తన పార భుజాన వేసుకుని పిలవకుండానే వచ్చి బురదలో దిగేవాడు. అర్ధరాత్రి మంత్రసానిని తేవాలన్నా ఆయనే తన దోనె కట్టు విప్పేవాడు. ఆయన విసుక్కోగా చూసినవాళ్ళు లేరు.

ఆనకట్ట వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా గోదావరి పొంగు పొంగే. ఆ ఒడ్డు గట్టు తెగితే ఈ ఒడ్డు బతుకుతుంది, ఈ ఒడ్డు తెగితే ఆ ఒడ్డు. అందుకే పోటు రోజుల్లో రెండు ఊళ్ళవాళ్ళూ కాగడాలు పట్టుకుని ఎవరి గట్టు వాళ్ళు కాచుకునేవారు. ఎదుటివాడు దొంగతనంగా వచ్చి తవ్వుతాడని భయం. మామూలు రోజుల్లో పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళే, నీరు పెరిగిందంటే పగవాళ్ళు.

నిన్న నీరు గట్టు అంచుదాకా వచ్చి ఉన్నట్టుండి తగ్గిపోయింది. గంగమ్మ తల్లి చల్లగా చూసిందని ఆడవాళ్ళు ఏట్లో పసుపు కుంకుమ వదిలారు. తెల్లారి చూసుకుంటే పెద్దిరాజు లేడు, దోనె లేదు. కాపలాకి వెళ్ళి అవతలివాళ్ళ చేతికి చిక్కాడని ఊరంతా అనేసుకుంది.

ఇప్పుడు శవం నుదుటి మీద ఇంత గాయం. అనుమానం తీరిపోయింది.

"ఎవడు కొట్టాడో పేరు చెప్పు," అన్నాడు బుల్లియ్య.

"ఎవరూ కొట్టలేదండి. మా ఒడ్డుకి కొట్టుకొచ్చారండి. దుంగేదో తగిలుంటదండి."

చెంప పగిలింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

పెద్దిరాజు భార్య పాపాయమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భర్త ఎలా పోయాడో తెలియకపోతే ఆవిడకి ఈ జన్మలో నిద్ర లేదు.

"నువ్వు చూసేసరికి ప్రాణం ఉందా?"

"ఉందమ్మా. మంచినీళ్ళడిగారు, పోశాను. ఇంటికి చేర్చమన్నారు."

"ఇంకేమన్నా చెప్పారా?"

వాడు తల దించుకున్నాడు. "ఇంకేం చెప్పలేదమ్మా."

అబద్ధమాడుతున్నాడని అక్కడున్న ప్రతివాడికీ అర్థమైంది.

జనం అటకల మీది ఎండుకట్టెలు దించి ఇంటికో మోపు చొప్పున రేవులో పేర్చసాగారు. ఊళ్ళో పెద్దకాపు పోయినప్పుడు కూడా అన్ని కట్టెలు రాలేదు. వాడు వెళ్ళిపోకుండా ఆ కట్టెలకేసే చూస్తూ నిలబడ్డాడు.

ఆఖరికి నోరు విప్పాడు. "బాబూ, ఒక మోపు నాకిప్పిస్తారాండి?"

బుల్లియ్యకి ఒళ్ళు మండిపోయింది. "మా అన్నని చంపి తెచ్చి, కూలి అడుగుతున్నావురా?"

వాడి తెడ్డుతోనే వాణ్ణి కొట్టారు. తెడ్డు విరిగేదాకా కొట్టారు. సిగ్గుమాలిన వెధవ, ఊరు ఏడుస్తుంటే కట్టెల బేరమా అని తిట్టారు. పడవలోకి తోసి, పడవని కాళ్ళతో ఏట్లోకి తన్నారు. వాడు విరిగిన ముక్కతో నీళ్ళు తోసుకుంటూ, మధ్య ప్రవాహంలో గిర్రున తిరుగుతూ కిందికి పోయాడు. అయ్యో అన్నవాళ్ళు లేరు.

మర్నాడు నీరు ఇంకాస్త తీసింది. బుల్లియ్య కర్రలు పట్టిన మనుషుల్ని వెంటేసుకుని పెద్ద పడవలో అవతలికి బయల్దేరాడు. అన్నని చంపినవాణ్ణి ఈడ్చుకొస్తానని వదినకి మాటిచ్చాడు.

అవతల కర్రలకి పని లేకపోయింది. గట్టుకి గండి పడి ఉంది. ఊరు ఉండాల్సిన చోట నీళ్ళు, నీళ్ళల్లో కొబ్బరి తలలు.

గండి పక్కన మట్టిలో ఒక పార దిగబడి ఉంది. ఇత్తడి పొన్ను ఎండకి మెరుస్తోంది.

బుల్లియ్య కర్ర పడేసి ఆ పారని మట్టిలోంచి పైకి లాగాడు.

మిగిలిన గట్టు ముక్క మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కన తడిచాప కప్పిన శవం. వీళ్ళని చూసి లేచింది.

నడవలేని అత్తని ఇంట్లోంచి ప్రాణంతో తేలేకపోయామని చెప్పింది. గట్టు తవ్వినాయన కాళ్ళ కింద మట్టి విరిగి ఆ నీళ్ళల్లోనే పడ్డాడని, తన మొగుడే ఈది పైకి లాగాడని, తవ్వింది నేనేనని ఆయనే ఒప్పుకుని పోయాడని చెప్పింది. చెబుతూ చెబుతూ వాళ్ళ వెనక ఖాళీ ఏటికేసి చూసింది.

"ఆయన్ని ఇంటికి చేర్చి, మా అత్తకి ఎండుకట్టెలు అడిగి తెస్తానని నిన్న మీ ఒడ్డుకే వచ్చాడండి మా ఇంటాయన, మీకెక్కడైనా కనిపించాడాండి?"