బావి నీళ్ళ క్యాన్

"మోసం సేసినావమ్మా!" కూర్మయ్య గొంతు ఆ సముద్రపు పల్లె చివరి ఇంటిదాకా వినిపించింది. "నీ బొగ్గు ఫిల్టరు బోరు నీళ్ళలో సీసం విషాన్ని పట్టేస్తాదన్నావు. నిన్ను నమ్మి ఏడాది తాగినాం. మరి నా మనవరాలి రక్తంలోకి సీసం ఎలాగొచ్చినాది?"

విజయనగరం కాలేజీ నుంచి వచ్చిన శైలజ తలెత్తలేదు. "ఫిల్టరు పెట్టకముందు మీరిచ్చిన క్యాన్ నీళ్ళలో ఇంకాస్త సీసం కలిపి మరీ పరీక్ష చేశాను తాతా. బొగ్గు మొత్తం పట్టేసింది."

కోపం కోపమే, ఇంటికొచ్చిన మనిషి మనిషే. కూర్మయ్య భార్య మరిడమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. శైలజ ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"తియ్యగా ఉన్నాయే! ఇవి బోరువేనా?"

"బోరువి ఉప్పన కదమ్మా. వచ్చినోళ్ళకి అవెలా ఇత్తాం? ఊరవతల బావి నుంచి బిందెడు తెచ్చి ఉంచుతాను."

శైలజ గ్లాసు కింద పెట్టేసింది. "అప్పుడు నాకిచ్చిన క్యాన్?"

"అదీ బావిదే."

"బోరు నీళ్ళలో అంత ఉప్పుంటే సీసం బొగ్గుకి సరిగా అంటుకోదు అమ్మమ్మా. ఉప్పు అడ్డం పడుతుంది. మీరిచ్చిన క్యాన్‌లో ఉప్పుందో లేదో నేనూ చూసుకోలేదు."

కూర్మయ్య భార్య మీదికి లేచాడు. "ఒసే, ఇంట్లో ఉండి నన్ను ముంచింది నువ్వా? బోరు నీళ్ళడిగితే బావివెందుకిచ్చినావే?"

మరిడమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది.

"పట్నం పిల్లకి ఉప్పునీళ్ళిచ్చి ఊరి పరువు తియ్యకని, క్యాన్ కడిగి నా సేతిలో ఎట్టింది నువ్వు కాదేటి?"