పొడిలో పోని ముఖాలు

"ఇది పోయింది బాబాయ్. ఆశ పెట్టుకోకండి," అంటూ విద్య హార్డ్ డిస్క్‌ను కౌంటర్ మీద వెనక్కి జరిపింది.

రాయమల్లు దాన్ని ముట్టుకోలేదు. మొదటి షిఫ్టు దిగి, డ్యూటీ బట్టలతోనే గోదావరిఖనిలోని ఆమె దుకాణానికి వచ్చాడు.

"హైదరాబాద్‌ల ఇద్దరు గిట్లనే అన్నరు. వాళ్లు ఇప్పి సూడలే. నువ్వన్న ఇప్పి సూసి చెప్పు బిడ్డా."

కాదనలేకపోయింది. గాలిని వడగట్టే అద్దాల పెట్టెలో పెట్టి మూత విప్పింది. అద్దంలా మెరవాల్సిన, ఫొటోలు దాచే పళ్లెం మీద వేలెడు వెడల్పున గుండ్రంగా గీతలు. చుట్టూ నల్లటి పొడి.

"ఆ పొడి చూశారా? ఫొటోలే అలా రాలిపోయాయి. వాటిని ఎవరూ తేలేరు."

"మరి రాలకుండ మిగిలినయి?"

విద్య మళ్లీ వంగి చూసింది. లోపల రెండు పళ్లేలు. చెడింది పైదాని పైవైపు మాత్రమే.

"ప్రయత్నిస్తాను. ముందు ఏం వెతకమంటారు? పెళ్లివా, పిల్లలవా?"

"ఏదైనా మంచిదే. మొఖాలు కనవడాలె, గంతే."

పదకొండు రోజులు పట్టింది. పొడి తుడిచింది. అదే రకం డిస్క్ ఇంకొకటి తెప్పించి, దాని చదివే మొనలు తీసి దీనికి అమర్చింది. అవి వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున, పళ్లేనికి తగలకుండా తేలాలి. ఒక్క నలుసు అడ్డుపడినా మిగిలింది కూడా పొడే. గీతలు పడ్డ వైపు వదిలేసి, మిగతా మూడు వైపులనూ చదివించింది.

పన్నెండో రోజు రాయమల్లు వచ్చాడు.

"వీడియోలన్నీ ముక్కలైపోయాయి బాబాయ్. చిన్న ఫొటోలు కొన్ని బతికాయి," అని తెర అతని వైపు తిప్పింది.

పచ్చని పందిరి కింద పెళ్లిజంట. చేటలో బియ్యం చెరుగుతూ ఒక అవ్వ. గుండు మీద గంధం పూసుకున్న పసిపాప. ఒక ఫొటో సగం బూడిదరంగే. మిగిలిన సగంలో ఒకామె వాకిట్లో నిలబడి నవ్వుతోంది. ఇలాంటివి ఎన్ని చూసినా, ఆ నవ్వును విద్య ఇంకాస్త పెద్దది చేసి చూపించింది.

రాయమల్లు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

"మట్టిల కలిసిందే అనుకున్న. ఎట్ల తెచ్చినవ్ బిడ్డా," అన్నాడు మెల్లగా. చాలాసేపు ఒక్కొక్క ముఖాన్నే చూశాడు. తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "దీంట్ల ఎక్కియ్యి. జల్ది వెతుకవోవాలె."

"ఎవరిని?"

"వీళ్లనే."

"అదేంటి బాబాయ్, వీళ్లు మీ ఇంట్లోవాళ్లు కాదా?"

"వీళ్లెవలో నాకు తెల్వది. ఈ డిస్కు కూలిన ఇంటి మట్టిల దొరికింది," అన్నాడు తెర మీంచి చూపు తిప్పకుండానే. "బొగ్గుబాయి కోసం ఊరు ఖాళీ చేసినంక, వీళ్ల ఇంటి మీద డోజర్ నడిపింది నేను."