రెండో ఏసీ

ఒంటిగంటా పది నిమిషాలకి రెండో ఏసీ ఆన్ అయింది.

టిఫిన్ బాక్స్ మూత తీయబోతున్న అక్షయ ఆగిపోయింది. ఫోన్‌లో పటమట ఇంటి లోడు చూపించే గీత మెట్టెక్కినట్టు పైకి లేచింది. రెండున్నర దగ్గరున్నది నాలుగు కిలోవాట్లకి చేరింది.

“మళ్ళీ మొదలెట్టావా? ముందు తినవే,” అంది పక్క సీట్లోంచి క్రిస్టినా.

“పగలు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. హర్ష తొమ్మిదింటికల్లా బ్యాంకుకి వెళ్ళిపోతాడు.”

“అయితే?”

“అయితే ఈ ఏసీలు ఎవరు వేసినట్టు?”

క్రిస్టినా పెరుగన్నం కలుపుకుంటోంది. “అంత అనుమానంగా ఉంటే వెళ్ళి తలుపు కొట్టు. ఇక్కడ కూచుని గీతలు చూస్తే ఏం తెలుస్తుంది?”

“వెళ్ళి ఏమని అడగను?”



జనవరిలో డాబా మీద సోలార్ ప్యానెల్స్ బిగించిన నాటి నుంచీ, ఆ ఇంట్లో ఏ స్విచ్ వేసినా ఆఫీసులో ఉన్న అక్షయకి తెలిసిపోయేది. మోటారు వేసి కట్టెయ్యడం మర్చిపోతే వెంటనే ఫోన్ చేసి చెప్పేది. అంత దూరం నుంచి ఎలా తెలిసిందని హర్ష నవ్వేవాడు. ఆ నవ్వు ఆమెకి సాయంత్రం దాకా సరిపోయేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం వీధిలో అందరూ ఏసీలు వేసుకునేసరికి వోల్టేజీ బాగా పడిపోయి, ఇన్వర్టర్ మాటిమాటికీ ఆగిపోయింది. ఆ రోజు హర్ష ఎండలో డాబా మీద నిలబడి, నలభై నిమిషాలు ఫోన్‌లోనే ఉండి, ఆమె చెప్పిన స్విచ్చల్లా వేశాడు, తీశాడు. చివరికి ఇన్వర్టర్ నిలబడ్డాక, ఆమె లేకపోతే తనకి దిక్కే లేదన్నాడు. ఆ మాట అక్షయ ఎవరికీ చెప్పుకోలేదు. క్రిస్టినాకి కూడా.

ఏప్రిల్ చివర్లో చల్లపల్లిలో పెళ్ళని వెళ్ళాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఈ గొడవ.

సోమవారం ఉండబట్టలేక అతన్నే అడిగేసింది.

“మధ్యాహ్నాలు లోడు బాగా ఎక్కువుంటోంది. రెండు ఏసీలూ నడుస్తున్నాయా?”

“ఎండలు చూస్తున్నారుగా ఎలా ఉన్నాయో. అయినా పైన సోలార్ ఉంది, ఫ్రీయే కదా.”

“ఫ్రీ ఏం కాదు. ఎంత ఎండ కాసినా ప్యానెల్స్ ఇచ్చేది రెండున్నర. నాలుగు వాడితే మిగతా ఒకటిన్నర గ్రిడ్ నుంచి లాక్కుంటుంది. బిల్లు వస్తుంది.”

“వస్తే రానివ్వండి,” అన్నాడు హర్ష హుషారుగా.

ఎవరి కోసమో అంత ధారాళం. ఒక్కడే ఉన్నప్పుడు ఫ్యాన్ కింద పడుకుని పొదుపు చేసిన మనిషి.

ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి తినబుద్ధి కాలేదు. బాక్స్ పక్కకి తోసేసి అంతోనికి ఫోన్ చేసింది. ప్యానెల్స్ కడిగే పని అతనిదే.

“అంతోనీ, నిన్న పటమట వెళ్ళావుగా. ఇంట్లో ఎవరున్నారు?”

“ఒకావిడ ఉన్నారు మేడమ్. మజ్జిగ ఇచ్చారు.”

“ఎంత వయసుంటుంది?”

“మీ అంత ఉంటారేమో. ఏం మేడమ్?”

“ఏం లేదు. చూడ్డానికి ఎలా ఉంది?”

“నేను ప్యానెల్స్ చూసొచ్చాను మేడమ్,” అన్నాడు అంతోని.

మజ్జిగ ఇచ్చిందట. అంటే ఆ వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుందో తెలిసిన మనిషే. ఒంటిగంట దాటాక రెండో ఏసీ ఎందుకు ఆన్ అవుతోందో కూడా అక్షయకి అర్థమైంది. భోజనం వంకతో హర్ష ఇంటికొస్తున్నాడు.

ఫోన్‌లో ఇన్వర్టర్ బొమ్మ మీద వేలు పెట్టింది. ‘ఆపమంటారా?’ అని అడిగింది యాప్. అవునని నొక్కింది.

ప్యానెల్స్ నుంచి వస్తున్న రెండున్నర కిలోవాట్లూ సున్నా అయిపోయాయి. ఏసీలు ఆగిపోయి, ఆ ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ గదిలోంచి బయటికి రావడం ఒక్క క్షణం ఆమె కళ్ళముందు కదిలింది.

అలాంటిదేమీ జరగలేదు. తగ్గిన రెండున్నరా ఆ క్షణంలోనే గ్రిడ్ నుంచి వచ్చేసింది. తెరమీద రంగు మారింది తప్ప లోడు గీత కదల్లేదు. ఇలాగే అవుతుందని అక్షయకి తెలియక కాదు. అయినా ఆపింది. ఆ ఇంట్లో ఒక్క బల్బు కూడా మిణుకుమనలేదు.

ఆమె హర్ష నంబరు నొక్కింది.

“వద్దు అక్షయా,” అంటూ క్రిస్టినా చెయ్యి పట్టుకుంది. అక్షయ విడిపించుకుంది.

అయిదో రింగుకి ఎత్తారు. ఆడగొంతు.

“హలో. ఆయన భోంచేస్తున్నారండీ. నాతో చెప్పండి, పరవాలేదు.”

“మీరెవరు?”

“నేను వాళ్ళ మిసెస్‌నండీ,” అంది ఆ అమ్మాయి. ఆ మాట ఇంకా కొత్తగా ఉన్నట్టుంది, చిన్నగా నవ్వింది. “మీరెవరో చెప్పలేదు?”

క్రిస్టినా తల దించుకుంది. అవతల ఏసీ చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

“సోలార్ కంపెనీ కస్టమర్ కేర్ నుంచండీ,” అంది అక్షయ, రోజూ ప్రతి కస్టమర్‌కీ చెప్పినట్టే.