జూలీ మొదటి ఈత

ఎవరొచ్చినా గొంతు చించుకుని మొరిగే జూలీ, ఆ రోజు కొట్టు ముందు నిలబడిన మనిషిని చూసి మొరగలేదు. తోక ముడుచుకుని బియ్యం బస్తాల వెనక్కి పోయింది.

ఇనుప ఖనిజం తవ్వకం జోరు మీదున్న రోజులవి. గని కాలనీ బజారులో భూషణానిది కిరాణా కొట్టు. విజయనగరం నుంచి వచ్చి పదేళ్లయింది. మనిషిని చూడగానే ఏం కొంటాడో, ఎంతలో కొంటాడో చెప్పగలడు.

ఈ మనిషి మాత్రం అంచనాకు అందలేదు. యాభై దాటిన వయసు, వెలిసిపోయిన ఖాకీ చొక్కా. ఎప్పుడూ కొట్టుకొచ్చిన ముఖం కాదు. సరుకుల వైపు చూడనే లేదు.

“కుక్కను జత కట్టిస్తున్నవంట, నిజమేనా సేఠ్?”

యాస దంతెవాడకు దక్షిణాన ఉన్న ఎర్రబోరు వైపుది.

“నీకెవులు సెప్పారు?”

“బజార్ల అనుకుంటున్నరు. వయసెంత?”

“ఏడాది.”

“అంటే మొదటి ఎద. ఇంకా పిల్లది సేఠ్. ఇంకో ఏడాది పోనియ్యి.”

“నాకు తొందరుంది.”

తొందర ఉన్నమాట నిజమే. గని క్యాంటీనుకు సరుకులు ఎవరు వేయాలన్నది వానలు వెళ్లాక తేలుతుంది. ఆఫీసర్ల ఇళ్లలో అల్సేషన్ పిల్ల అంటే మోజు. మిఠాయి పెట్టె ఇస్తే ఒక పూట గుర్తుంటాం, కుక్కపిల్లనిస్తే అది మొరిగినప్పుడల్లా గుర్తొస్తాం. భూషణం లెక్క అది.

“మగదేది?”

“స్టోర్సు ఆఫీసరు గారిది.”

“అది వెనక కాళ్లు ఈడుస్తది. చూసినవా?”

“కుర్చీ కింద పడుకునే కుక్కకి నడకతో పనేటి?”

“కడుపుల పిల్ల అడ్డం తిరిగితే? డాక్టరు దంతెవాడల ఉంటడు.”

“ముందే అపశకునం పలక్కు.”



“పుట్టినయి ఎవరెవరికి ఇస్తవ్?”

భూషణం వేళ్లు మడుస్తూ ఆరుగురు ఆఫీసర్ల పేర్లు చెప్పాడు.

“వాళ్లకు బదిలీ అయితే?”

“ఆళ్ల కుక్క, ఆళ్ల ఇష్టం.”

“ఒక్క మాట ఇయ్యి సేఠ్. ఎవరన్న వదిలిపోతే ఆ కుక్కను నువ్వే వాపస్ తెచ్చుకుంటనని.”

భూషణం నవ్వాడు. “మా కొట్లో ఇచ్చిన సరుకు వాపసు తీసుకోం. బోర్డు సదువుకోలేదా?”

“నాకు చదువు రాదు.”

“కుక్కల సదువు బాగానే వచ్చింది గదా. నీ మగకుక్కతో కట్టించమంటావేటి?”

“నాకు కుక్క లేదు. పెంచను.”

కుక్క లేనివాడికి కుక్కల గొడవెందుకు? భూషణం తేల్చేశాడు. పిల్లలు పుట్టాక ఎత్తుకుపోవడానికి ముందే ఇల్లు చూసుకునేందుకు వచ్చాడు.

“మళ్లీ ఇక్కడ కనిపించావంటే ఠాణాలో సెప్తాను. నడు.”

ఆ మనిషి బస్తాల వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

జూలీ ఆరు పిల్లల్ని ఈనింది. ఒకటి రెండో రోజే పోయింది. ఐదు పిల్లలు ఐదు బంగళాలకు చేరాయి. ఆరో ఆఫీసరుకు భూషణం నెయ్యి డబ్బా పంపాడు. క్యాంటీను అతనికే వచ్చింది.

రెండేళ్లలో ఆ ఐదుగురికీ బదిలీలయ్యాయి.

లారీల్లోకి మంచాలెక్కాయి, ఫ్రిజ్‌లెక్కాయి, పూల కుండీలు కూడా ఎక్కాయి. కుక్కలు ఎక్కలేదు.

వెనక కాళ్లు ఈడ్చే కుక్క ఒకటి డంపరు కింద పడింది. మూడు ఎటు పోయాయో తెలియదు. మేనేజరు గారి ఆడకుక్క మాత్రం లారీ వెనకే రైలు గేటు దాకా పరుగెత్తి అక్కడే ఆగిపోయింది. లారీ అటు పోయింది గనక అటు నుంచే వస్తుందనుకుందేమో, గేటు దగ్గరే కూర్చుంది.

భూషణం భార్య పైడమ్మ రోజూ గిన్నెలో అన్నం తీసుకెళ్లి దానికి పెట్టి వచ్చేది.

“ఇంటికి తెచ్చేద్దామండి. మన జూలీ కడుపున పుట్టిందే కదా.”

“ఒకదాన్ని తెస్తే, రేపు ప్రతివోడూ తెచ్చి మన గుమ్మానికి కట్టేసి పోతాడు.”

ఆ మాటతో ఆరు నెలలు గడిచాయి. గేటు దగ్గరి కుక్కా ఈనింది. కాలనీ అంతా కుక్కలయ్యాయి. బడికెళ్లే పిల్లను ఒకటి కరిచింది.

మర్నాడే దండోరా వేశారు. పెంపుడు కుక్కల్ని కట్టేసుకోవాలి, తెల్లారి మిగతావాటికి మందు పెట్టి చంపేస్తారు.

పైడమ్మ పొయ్యి వెలిగించలేదు.

“అన్నం పెట్టినా నన్ను దగ్గరికి రానివ్వదండి. మీరే పట్టుకు రండి. తేకపోతే మీరూ రాకండి.”

భూషణం తాడు తీసుకుని బయలుదేరాడు. దొరకలేదు. తెల్లారగానే మళ్లీ వెళ్లాడు. చేరువకు వెళ్లిన ప్రతిసారీ అది పట్టాలు దాటి పారిపోయింది, మళ్లీ గేటు దగ్గరికే వచ్చి కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ మనిషి.

అతను అడిగిన ఒక్కో ప్రశ్నకూ జవాబు ఇప్పుడు కళ్ల ముందుంది. తన లెక్క తప్పిందని భూషణం ఒప్పుకోవడం అదే మొదలు. కుక్కల కోసం అంతగా బతిమాలినవాడు ఒక్క కుక్కను పట్టివ్వడా? కాళ్లు పట్టుకునైనా తీసుకురావాలి.

బజారుకు పరుగున వచ్చి టీకొట్టు నందను అడిగాడు.

“ఖాకీ చొక్కా, ఎర్రబోరు యాస. కుక్కని జత కట్టించొద్దని సెప్తూ తిరిగే ముసలాయన. తెలుసా?”

“ఆ ముసలాయనా? ఏ ఇంట్ల కుక్క ఎదకొచ్చిందన్నా పోయి చేతులు జోడిస్తడు. ఎవరు వింటరు?”

“ఎక్కడుంటాడు? ఇప్పుడే కావాలి. రైలు గేటు కాడ కుక్కని పట్టివ్వాలి.”

నంద అతని చేతిలోని తాడు వైపు చూశాడు.

“ఇందాకనే గేటు దిక్కు పోయిండు సేఠ్, బుట్ట పట్టుకొని,” అన్నాడు మెల్లగా. “పద్నాలుగేండ్ల నుంచి కాలనీ కుక్కలకు మందు పెట్టేది ఆయనే కదా.”