నెమ్మదైన పిల్ల

రాజాంలో పిల్లలకు థెరపీ చేసే ఆ చిన్న గదిలోకి కూతురితో అడుగుపెట్టగానే నీలవేణి అక్కడి థెరపీ మేడంతో గర్వంగా చెప్పింది. "మా ఉష ఇప్పుడు నెమ్మదైపోనాదమ్మా. పెళ్లి బేండు సప్పుడుకి సెవులు మూసుకోదు. తల దువ్వితే అరవదు."

ఎలా నెమ్మదైందో మాత్రం చెప్పలేదు. పిల్ల అరిచినప్పుడల్లా నీలవేణి చెయ్యి దాని వీపు మీద పడేది. ఊరంతా తిరిగి చేపలమ్మి గంప దించేసరికి ఆమెకు ఓపిక ఉండేది కాదు.

మేడం ఉషకు ఎదురుగా చాప మీద కూర్చుంది. కొందరు పిల్లలకు చప్పుడైనా, ఒంటికి తగిలేదైనా మనకన్నా చాలా ఎక్కువగా తెలుస్తుందని, ఒంట్లో ఏం జరుగుతోందో మెల్లగా గమనించుకోవడం వాళ్లకు నేర్పాలని చెప్పింది.

"పొట్ట మీద చెయ్యి పెట్టుకో ఉషా. లోపల ఎలా ఉంది? బిగుతుగా ఉందా, మెత్తగా ఉందా? ఏం చెప్పినా తప్పు కాదు."

తొమ్మిదేళ్ల ఉష చెయ్యి పెట్టుకుంది. తర్వాత తల తిప్పి తల్లి మొహంలోకి చూసింది.

"అమ్మా, ఏటని సెప్పమంటావు?"

ఇన్నాళ్లూ తాను నెమ్మది అనుకున్నది ఏమిటో నీలవేణికి అప్పుడర్థమైంది.

"నీకెలాగుంటే అలాగే సెప్పమ్మా. నాను కొట్టను."

ఆ మాట మేడం ముందు అనేశానని కూడా ఆమెకు స్పృహ లేదు. ఉష తల్లి చేతుల వంకే చూస్తూ కూర్చుంది.